తొమ్మిదోది

మా గురియాలో క్రిస్మస్ జనవరి ఏడున.
ముందు రాత్రి ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని రొట్టెలు.
నెలవంకలా వంచి,
కడుపులో చీజూ, ఉడికిన గుడ్డూ పెట్టి.
లెక్క తప్పకూడదని మా అత్త అగ్రాఫీనా
పిండిచేత్తోనే తలుపు మీద గీతలు గీసేది.
ఆ తలుపు మార్చేశాం.
అలవాటు మాత్రం నా వేళ్ళకి అంటుకుని ఉండిపోయింది.

ఈ ఏడు ఎనిమిది.
నేను, ఓతియా, కొడుకు గోచా, కోడలు కేతినో,
వాళ్ళ పిల్లలు ముగ్గురు,
బతూమి నుంచి ఆడపడుచు నజీబ్రోలా.
సగం తిని సగం సంచిలో వేసుకుంటుంది ఆవిడ,
అయినా లెక్కకి ఒకటే.

గుడ్లున్నాయి. పిండి పొంగి గిన్నె అంచు దాటింది.
చీజే లేదు.
ఉంది, కొట్టులోది.
ప్లాస్టిక్ తొడుగులో, నలుచదరంగా,
ఏ ఆవు మొహమూ ఎరగనట్టు.
చిన్న ముక్క పెనం మీద వేసి చూశాను.
సాగలేదు.
నీళ్ళు వదిలి, తప్పు చేసిన పిల్లలా ఓ మూలకి జరిగింది.

సాగే చీజ్ కంచె అవతలుంది.
ఆ ఇల్లాలి పేరు నా నోట పలికి రెండేళ్ళు.
ఆవిడ ఆవు నా హేజెల్‌నట్ మొక్కలు పదకొండు నమిలేసింది.
నేనో మాటన్నాను.
తనో మాటంది, మా అత్తని కూడా కలుపుకుని.
మర్నాడు ఓతియా మూడు వరసల ముళ్ళతీగ లాగాడు.
అప్పట్నుంచి చర్చిలో కూడా
తను కుడిపక్క కొవ్వొత్తి, నేను ఎడమపక్క.

సాయంత్రం తడిమంచు పడుతోంది.
మనవరాలు తెక్లె ఒక మూట పట్టుకొచ్చింది,
గుడ్డలోంచి పాలనీళ్ళు కారుతూ.
ఎవరిచ్చారే?
ఎవరూ ఇవ్వలేదట, అలా చెప్పమంది.

విప్పాను. వాసన చూశాను.
గిల్లి నోట్లో వేసుకున్నాను.
ఉప్పు!
అసలే చెయ్యి జారుడు మనిషి,
ఈసారి రెండేళ్ళదీ ఒకేసారి పోసినట్టుంది.
ముక్కలు చేసి నీళ్ళలో వేశాను.
పారబోసి మళ్ళీ వేశాను.
మూడో నీళ్ళకి కాస్త దారికొచ్చింది.

తర్వాత ఏం ఆలోచించలేదు.
పొయ్యిలో కట్టెలు, చేతుల్లో పిండి,
కేతినో గుడ్లు ఒలుస్తూ పెంకులన్నీ నేల మీద.
పళ్ళెంలోవి వెన్న రాసుకుని నిగనిగలాడాయి.
లెక్కపెట్టాను.
ఎనిమిదే వత్తాననుకున్నాను.
మళ్ళీ లెక్కపెట్టాను.
అడుగున తురుము గుప్పెడు మిగిలింది కదా అందుకే, అన్నాను పైకి,
ఎవరూ అడక్కుండానే.
గోచా మీసాల్లో నవ్వుకున్నాడు.
ఓతియా కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు,
తీగ తనే లాగినవాడు కదా.

వేడివేడిగా గుడ్డలో చుట్టి
తెక్లె చేతికిచ్చాను.
ఎవరూ పంపలేదని చెప్పు.
నాకు తెలుసులే నాన్నమ్మా, అంది అది
ఈ ఉద్యోగంలో ముసలిదైపోయినట్టు.

ఆ రాత్రి మేం రొట్టె విరిస్తే
చీజ్ దారాలు దారాలుగా సాగి
పిల్లల గడ్డాల మీంచి బల్ల దాకా వేలాడింది.
నజీబ్రోలా సంచి తెరవడమే మర్చిపోయింది.

పొద్దున్నే కోళ్ళకి గింజలు చల్లుతుంటే
కంచె అవతల్నుంచి గొంతు.
ఉప్పు చాల్లేదు.

తిరిగి చూడలేదు వెంటనే.
చేతిలో గింజలు అయ్యేదాకా చల్లాను.
మూడు నీళ్ళు మార్చాను తెలుసా, అన్నాను కోళ్ళతో.
ఎవరు మార్చమన్నారు, అంది ఆవిడ కూడా కోళ్ళతోనే.

ఇంతలో ఆ ఎర్రావు
ముళ్ళతీగ మీంచి మెడ చాచి
కొత్తగా నాటిన నా మొక్కల కేసి
పండగ పూట చుట్టంలా చూస్తోంది.
చూడనీ. చూస్తే అరిగిపోవు.
కానీ కాస్త దాన్ని కట్టెయ్యి,
జూనా.